మొక్కు అత్తది, చెయ్యి కోడలిది

ఎర్రమంచిలో చంద్రప్పకు విషజ్వరం వచ్చి, మనుషుల్ని పోల్చుకోలేని స్థితికి చేరిన రోజున, అతని తల్లి నాగేంద్రమ్మ రామకోటి రాసిస్తానని మొక్కుకున్నది. కొడుకు బతికాడు. లేచి సంగటి తిన్నాడు, గడ్డం గీయించుకున్నాడు, ఎద్దుల బేరానికి పోయి వచ్చాడు. అప్పటిగ్గానీ నాగేంద్రమ్మకు తనకు అక్షరం ముక్క రాదన్న సంగతి గుర్తుకు రాలేదు.

నవ్వదగిన పొరపాటే. కాని ఇంట్లో ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే ఎదుట బతికి తిరుగుతున్న మనిషి ఆ మాటకు పూచీగా ఉన్నాడు. అది యాభైల నడుమ సంగతి. ధర్మవరంలో రామకోటి మంటపం కట్టాలని పూనుకున్న భజన సమాజం పెద్ద గోవిందప్ప చందాల కోసం ఊరూరా తిరుగుతూ ఎర్రమంచికి వచ్చినప్పుడు నాగేంద్రమ్మ ఆయన్నే అడిగింది. ఆయన తీర్పు చెప్పాడు. మొక్కు అత్తదే, చెయ్యి కోడలిది కావచ్చు. అయితే కోడలు రాసేంతసేపూ అత్త ఎదురుగా కూర్చోవాలి. పేజీ నిండేదాకా ఇద్దరూ నోరు విప్పకూడదు, ఇంకెవరూ వాళ్ళను పలకరించకూడదు. రాసిన పేజీలో కొట్టివేత ఉండకూడదు, పేజీ చించకూడదు. ఒక్కరే కోటి పూర్తి చేయనక్కరలేదు. పదిమందీ రాసింది కలిపి కోటి అవుతుంది, ఆ పుస్తకాలను మంటపం పునాదిలో పెట్టి మూసేస్తారు.

ఆ విధంగా చంద్రప్ప భార్య రామాంజినమ్మ చేతికి కలం వచ్చింది.

ఆమె హిందూపురంలో పెరిగింది. నాయన సేద్యం చేసుకుంటూ బెల్లం మండీలో కాటా దగ్గర నిలబడేవాడు. బడిలో తెలుగు, వీధిలో కన్నడం, ఇంట్లో రెండూ కలిసిన మాట. ఐదో తరగతి అయ్యాక చదువు ఆగింది. పెళ్ళయ్యాక అక్షరాలతో ఆమెకు పని పడలేదు, వాటికోసం బెంగపెట్టుకున్నదీ లేదు. తనలో రాయవలసింది ఏదో ఉన్నదని ఆమె ఎన్నడూ అనుకోలేదు. అలా అనుకునేవాళ్ళు సాధారణంగా వేరే ఇళ్ళలో పుడతారు.

తెల్లవారి పాలు పితికి, నీళ్ళు పోసుకుని, తడి జుట్టు ముడివేసుకుని ఉత్తరపు గోడవారన పీట మీద కూర్చునేది. ఎదురుగా అత్త. చంద్రప్ప హిందూపురం సంతకు చింతపండు తోలుకుపోయినప్పుడల్లా పుస్తకాలూ సిరాబిళ్ళలూ తెచ్చేవాడు. మొదటి నెలలు భరించరానివిగా గడిచాయి. ఒకే పేరు, వరుస తర్వాత వరుస. మోకాళ్ళు తిమ్మిరెక్కేవి. అయితే ఒకే మాటను ఎడతెగకుండా వినే మనసు నిద్రపోతుంది, లేదా తన మాట తాను వినడం మొదలుపెడుతుంది. రామాంజినమ్మకు పగటినిద్ర అలవాటు లేదు.

ఒకనాటి ఉదయం రెండు నామాల నడుమ ఆమె చెయ్యి ఇలా రాసింది: ‘ఎర్రదూడ గొంతు మారింది.’

రాశాక చూసుకుంది. కొట్టివేయరాదు, చించరాదు. గబగబా మళ్ళీ నామం అందుకుని పేజీ ముగించింది. అత్తకు చదవడం రాదన్న ధైర్యం ఆమెకు కొద్ది క్షణాలే మిగిలింది.

నాగేంద్రమ్మ పీట ఎత్తి గోడకు ఆనించి అడిగింది. “రామ అని రాసేదానికి చెయ్యి ఎట్ల తిరుగుతాదో చూసి చూసి నాకు తెలిసిపోయింది. ఈ పొద్దు మధ్యలో యాడికో పోయొచ్చినాది. యాడికి పోయింది?”

“దూడ కాడికి, అత్తా.”

“ఏ దూడ?”

“మన ఎర్రదూడ. దాని గొంతు మారింది గదా.”

ముసలామె గొడ్లపాక వైపు చెవి ఒగ్గింది. “మారింది,” అని పేడతట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వాళ్ళిద్దరి మధ్య ఆ ప్రస్తావన రాలేదు. చెయ్యి మాత్రం దారి మరిగింది. కొన్నాళ్ళకు ఏదో ఒక వాక్యం లేని పేజీ లేదు. దానితో శాంతి కలిగిందని ఎవరైనా ఊహిస్తే పొరపాటు. అంతకుముందు ఉన్న శాంతి కూడా పోయింది. శెనక్కాయ చేలో కలుపు తీస్తుండగా ఒక మాట తోచేది. దాన్ని మరునాటి తెల్లవారుదాకా పోనివ్వకుండా పట్టుకోవాలి. సందెవేళకు సగం కారిపోయేది, పీట మీద కూర్చునేసరికి తొక్క మిగిలేది. ఆ రోజంతా ఎవరేమడిగినా విసుగు. తోచనినాడు ఇంకో రకం విసుగు. సంగటిలో ఉండలు కట్టాయి.

“రాములవారే వచ్చి సంగటి గెలుకుతాడని కూచున్నావేమి?” అన్నాడు చంద్రప్ప, ఉండను వేలితో చిదుపుతూ.

“నీ పానం కోసమే గదా రాస్తాండేది. తిను,” అంది తల్లి. “గొంతు దిగని సంగటి తిని సచ్చినోడు యాడా లేడు.”

ఆ వాక్యాలు ఎలాంటివి? చాలావరకు మామూలువి. పోలిక దొరికితే వదలలేని బలహీనత ఆమెకు ఉండేది. వానలు ఎగ్గొట్టిన ఏడు రాసిందొకటి ఉంది: ‘వాన మా పొలిమేర దాకా వచ్చి, ఎవరింటికి బయలుదేరిందో మరిచిపోయినట్టు వెనక్కి పోయింది.’ ఇందులో అందముంది, రాసిన మనిషి తన అందాన్ని తానే చూసుకుంటున్న జాడ కూడా ఉంది. అలాంటి వాక్యం రాసిన రోజు ఆమె సంతోషంగా ఉండేది. మరునాడు దాన్ని తలచుకుంటే సిగ్గేసేది. ఎందుకో చెప్పగల చదువు ఆమెకు లేదు, ఆ సిగ్గును మాత్రం నమ్మింది. మెల్లగా పోలికలు తగ్గాయి. కంటికి కనిపించిందీ చెవికి వినిపించిందీ మిగిలాయి.

కొన్నేళ్ళకు ధర్మవరం నుంచి కబురు వచ్చింది. పునాది తవ్వారు, కార్తీకంలో పుస్తకాలు తెమ్మన్నారు.

అంతవరకు రామాంజినమ్మ ఆలోచించనిదేమిటంటే, మొక్కుకు ఒక ముగింపు ఉందని. పుస్తకాలు మట్టిలోకి పోతే ఆమె మాటలూ పోతాయి. వాటిని ఆమె ఎప్పుడూ వెనక్కి తిప్పి చదువుకోలేదు, సగం గుర్తుకూడా లేవు. ఒకరోజు కొన్నింటిని వెదికి వేరే కాగితం మీద ఎక్కించి చూసింది. నామాల మధ్య నుంచి విడదీస్తే అవి చేలోంచి పీకి గట్టుమీద పడేసిన మొక్కల్లా వాడి కనిపించాయి. పుస్తకాలు తనకు కావాలని అడగాలంటే, అందులో తన మాటలున్నాయని పదిమందిలో చెప్పాలి. చెబితే మొక్కు చెడుతుంది. కొడుకు ప్రాణం ఆ మొక్కుకే కట్టి ఉందని నమ్మే ముసలామె ఎదుట ఆ మాట ఎలా అనడం? అనకుండా తనదైన ఒకే ఒక్కదాన్ని గుంటలో ఎలా వేయడం?

పెనుకొండ స్టేషన్లో రైలెక్కినప్పుడు కూడా ఆమె ఏదీ తేల్చుకోలేదు. పుస్తకాల మూట ఒళ్ళో పెట్టుకుని, ముడి విప్పుతూ మళ్ళీ వేస్తూ కూర్చుంది.

“దాన్ని ఇడ్సిపెట్టే,” అంది నాగేంద్రమ్మ. “అదేమన్నా పారిపోతాదా?”

ధర్మవరంలో పునాది గుంట చుట్టూ జనం, తాళాలు, చెక్కభజన. గోవిందప్ప ఒక్కొక్కరి మూట అందుకుని, కళ్ళకద్దుకుని, ఒక పుస్తకం ఎక్కడో ఒకచోట తెరిచి, నామం చూసి, గుంటలోకి దిగిన మనిషికి అందిస్తున్నాడు. అది తనిఖీ కాదు, మర్యాద. వీళ్ళ మూట అందుకుని పుస్తకం తెరిచాడు. ఆయన పెదవులు ఆగాయి. పుస్తకాన్ని కళ్ళకు దూరంగా పట్టుకుని, తాను చదువుతున్నది తప్పేమోనన్నట్టు పైకే చదివాడు.

“‘అత్తను పేరు పెట్టి పిలిచేవాళ్ళంతా చచ్చిపోయినారు.’”

తాళాలు ఆగిపోయాయి. చావు మాట, అదీ రామనామాల నడుమ.

“ఏమమ్మా ఇది?” అన్నాడు గోవిందప్ప.

రామాంజినమ్మ నోరు తెరిచేలోపు నాగేంద్రమ్మ ముందుకొచ్చింది. “నేనే చెప్పి రాపిచ్చినా. మొక్కు నాది గదప్పా? నా మాట ఒకటి దేవునికి చెప్పుకోకూడదా?”

“నువ్వు చెప్పింటే ‘అత్త’ అని ఏంటికి రాస్తాది?”

“రాసేది కోడలు. దానికి నేను అత్తగాక ఏమైతా? ‘మా చెల్లెలు’ అని రాయమంటావా?”

గుంటలో ఉన్నవాడు ముందు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. గోవిందప్ప కూడా ముఖం సడలించాడు. ముసలామె మొక్కులో ముసలామె గోడు, దేవుడే వింటాడులే అంటూ పుస్తకం మూశాడు. మూట చేతులు మారబోయింది.

అత్త తనను కాపాడింది. రామాంజినమ్మకు అది తెలిసింది. అదే నోటితో, అన్నేళ్ళలో తాను ఎవరి చేతా చెప్పించుకోకుండా రాసిన మాటను అత్త చెప్పి రాయించినదిగా చేసేసింది. కృతజ్ఞతా, దోపిడికి గురైన భావమూ ఒకేసారి గొంతు దాకా వచ్చాయి. అందులో ఏది మాట్లాడిందో ఆమెకు ఎన్నటికీ తేలలేదు.

“లేదప్పా,” అంది. “మా అత్త చెప్పలేదు. నేనే రాసినా. ఆ ఒక్క పుస్తకంలోనే కాదు, అన్నిట్లోనూ ఉండాయి.”

ఎవరూ నవ్వలేదు. గోవిందప్ప మూటను వెనక్కి తీసుకుని, మళ్ళీ కళ్ళకద్దుకుని, ఆమె చేతుల్లో పెట్టాడు. ఆయనకు కోపం రాలేదు, అది ఇంకా కష్టంగా ఉంది.

“తప్పనను. అయితే ఇది మొక్కు కాదమ్మా, ముచ్చట. ముచ్చట పునాదిలో పెట్టకూడదు. మంటపం లేసినంక పైన కలశం కింద ఒక అర ఉంటాది. శుద్ధంగా రాసి తెండి, ఆడ పెడదాం.”

తిరుగు రైలులో నాగేంద్రమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మూట మళ్ళీ రామాంజినమ్మ ఒళ్ళో ఉంది. కావలసింది దక్కింది, దాన్ని తాకాలంటే మనసొప్పలేదు. పెనుకొండ కొండ కనిపించాక ముసలామె అంది.

“అంతమందిలో నా మాట కొట్టేస్తివి.”

“అవునత్తా.”

“నా కొడుక్కు ఏమన్నా అయితే?”

రైలు ఆగాక, దిగేందుకు చెయ్యి అందించిన కోడలిని ముసలామె మెట్టు మీదే నిలబడి అడిగింది. “ఆ సచ్చినోళ్ళ పేర్లు గూడా రాసినావా, నన్ను పేరు పెట్టి పిలిచినోళ్ళవి?”

“లేదు. నాకు తెలీవు.”

“తెలీకుండానే రాసేస్తివా!” అంది నాగేంద్రమ్మ. అది కోపమో, రాతను గురించి ఆమె పట్టిన మొదటి తప్పో.

మరునాటి తెల్లవారి పీట పడింది. కొత్త పుస్తకం, మొదటి పేజీ, మొదటి నామం. రామాంజినమ్మ తన మాటలకని ఇంకో పుస్తకం వేరుగా పెట్టుకుంది. నామం ముగించి, అత్త లేచిపోయాక, అది తెరిచి కూర్చునేది. ఒక్క మాటా వచ్చేది కాదు. ఎవరూ అడ్డం లేని తెల్లకాగితం ముందు ఆమెకు రాయడం రాదు. చాటుకు అలవాటుపడిన గొంతు బయలులో పలకలేదు. గొడ్లపాకలో కూర్చుని చూసింది, చేనిగట్టున కూర్చుని చూసింది. ఇందుకోసమేనా ముసలామెను పదిమందిలో తలదించుకునేలా చేసింది? ఆ ప్రశ్న ఆమెను ఎక్కడా కుదురుగా నిలవనివ్వలేదు. ఇటు నామం రాస్తుంటే మాత్రం చెయ్యి పక్కకు లాగేది. దాన్ని బిగబట్టి రాస్తుంటే అక్షరాలు బిరుసెక్కేవి.

కొన్ని వారాలు చూసి నాగేంద్రమ్మ ఓరిమి కోల్పోయింది. పేజీ మధ్యలోనే, నియమం తప్పి, నోరు తెరిచింది.

“కట్టేసిన గొడ్డు మాదిరి పెనుగులాడతాండాది చెయ్యి. చూడలేక నాకు పానం పోతాండాది. ఆ రెండో పుస్తకం ఈడ తెచ్చి పెట్టుకో, పక్కనే. ఇది రాస్తా ఉండు. అటు ఉరికిందనుకో, ఈ పుస్తకంలోంచి లేసి ఆడికి పో. పోయి, మల్ల రా. ఇంట్లో పని చేసుకుంటా గొడ్ల కాడికి పోయొస్తావే, అట్ల.”

అదే ఆమె జీవితాంతపు పద్ధతి అయింది. ఎడమవైపు నామం, కుడివైపు మాట. నాగేంద్రమ్మ ఎదురుగా కూర్చుని, కలం ఎడమ నుంచి కుడికి పోయినప్పుడల్లా కళ్ళు మూసుకునేది. అటు తన మొక్కు లేదు కాబట్టి చూడనక్కరలేదని ఆమె లెక్క.

చందాలు మెల్లగా వచ్చాయి. మంటపం మెల్లగా లేచింది. అరవైల్లో కలశం పెట్టేనాటికి గోవిందప్పకు చూపు తగ్గింది. అయినా మూట అందుకుని, ఒక పుస్తకం కాదు, అన్నీ తెరిచి, ముఖానికి దగ్గరగా పట్టుకుని తిప్పి చూశాడు. మరక లేదు, నామం తప్ప ఇంకో మాట లేదు. చంద్రప్ప గుండ్రాయిలా నిక్షేపంగా పక్కన నిలబడి ఉన్నాడు.

“ఏమమ్మా, ముచ్చట అయిపోయినట్టుందే?” అన్నాడు గోవిందప్ప.

“లేదప్పా,” అంది రామాంజినమ్మ. “వేరు కాపురం పెట్టినాది.”

ఆయన నవ్వుతూ మూటను పైకి అందించాడు. అర మూసి, సున్నం మెత్తారు.

తిరుగు రైలులో చంద్రప్ప తలుపు దగ్గర నిలబడ్డాడు. అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. మొక్కు తీరింది. రేపటి నుంచి ఎడమ పుస్తకానికి కారణం లేదు. అది లేకుండా కుడి పుస్తకం పలుకుతుందో లేదో రామాంజినమ్మకు తెలియదు. ఒళ్ళో మూట లేదు. చూపుడువేలు మోకాలి మీద, చీర మడత మీద, ఏదో గీస్తూ పోతోంది.

నాగేంద్రమ్మ ఆ వేలినే చూస్తోంది. వంగి అడిగింది.

“అది రామ కాదే. యాడికి పోతాండాది?”

“తెలీదత్తా. ఇంకా పోలేదు.”

“సరేలే,” అంది ముసలామె, కాళ్ళు ఎదుటి బల్ల మీదికి చాపుకుంటూ. “రేపు పీట ఏసుకుందాం. నాకేమో ఆ యాళకే నిద్ర లేసే అలవాటైపోయింది.”