వీరుడికి గుడి, సాధువుకి అరుగు

మా వీధిలో రంగులు వేసే మనిషి కిరసనాయిలులో కుంచె కడుగుతున్నాడు. ఆ వాసన కిటికీలోంచి వచ్చి నన్ను బెంగాల్ ఓడరేవు పక్కన తెలుగు కూలీలుండే వాట్‌గంజ్‌లో, రూతమ్మ టీచరు లాంతరు ముందు కూర్చోబెట్టింది. నా చిన్నప్పుడు సాయంత్రమైతే చాలు, లోడ్‌షెడ్డింగ్. కరెంటు పోగానే పిల్లలమంతా ఆవిడ చుట్టూ చేరేవాళ్ళం. ఆదివారాలు చర్చిలో మాకు తెలుగు అక్షరాలు దిద్దించే ఆవిడ, మిగతా రోజుల్లో తాను కల్పించిన ఒక దేశం కథ చెప్పేది. ఉప్పుకొండలు, మాట్లాడే పడవలు, బోలెడు మతాలు. ప్రొటెస్టెంటు మనిషివి, ఇంతమంది దేవుళ్ళేమిటని ఎవరైనా ఆటపట్టిస్తే, "కతలో దేవుళ్ళకి పాస్టరుగారేటి అడ్డు?" అనేది.

ఆ దేశంలో వీరులకు ఎత్తైన గుళ్ళు, ఏటికోసారి జాతర ఉండేవి. పోయిన సాధువులకు గుడి ఉండదు. ఇంటి ముందు ఒక అరుగు వేసి, రోజూ అక్కడ కూర్చుని వాళ్ళతో కష్టం సుఖం చెప్పుకుంటారు, కోపం వస్తే దెబ్బలాడతారు కూడా.

మా నాన్న ఓడల డాక్‌లో కూలీ. క్రేను తాడు తెగినప్పుడు తోటివాళ్ళను పక్కకు తోసేసి, తను బరువు కింద పడి చనిపోయాడు. యూనియన్ వాళ్ళు వీధి మొదట్లో ఆయన పేరుతో ఎర్రటి దిమ్మె కట్టారు. ఏటా దండ వేసి, పిడికిళ్ళెత్తి నినాదాలిచ్చేవాళ్ళు. "నీ బాబు ఈరుడమ్మా" అని అందరూ నా తల నిమిరేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఆయన ఎలా మాట్లాడేవాడో ఒక్కరూ చెప్పరు. నాకేమో ఆ గొంతు రోజురోజుకీ చెరిగిపోతోంది. పూర్తిగా మరిచిపోతానేమోనని చచ్చేంత భయం.

ఒక సాయంత్రం టీచరును అడిగాను. "మీ దేశంలో జనాన్ని కాపాడి సచ్చిపోయినోడు ఈరుడా, సాదువా?"

"ఈరుడే. పేద్ద గుడి కట్టీసినారు" అందావిడ హుషారుగా. నేను ఏడుస్తూ లేచి వెళ్ళిపోయాను.

మర్నాడు కరెంటు పోగానే ఆవిడే లాంతరు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"నిన్న కత తప్పు సెప్పినానే. ఆ గుడి ఆడి కూతురు పడగొట్టించీసింది."

"ఎందుకు?"

"గుళ్ళో ఉన్నోడికి దణ్ణవెట్టి ఎల్లిపోవాల గదా. ఆ పిల్లకి బాబుతో తగువుంది. అరుగేసుకుని కూకుంది."

"ఏటి తగువు?"

"అది నువ్వే సెప్పాల."

చెప్పాను. చేపముల్లు తీసి పెడతానని నా ముక్క తనే తినేసేవాడని, కోపమొస్తే బెంగాలీలో తిట్టేవాడని. పొయ్యి దగ్గర్నుంచి అమ్మ అందుకుంది. "ఆ తిట్లైనా సరిగ్గా వొచ్చీవా? తిట్లు పడ్డోళ్ళే నవ్వీసేవోరు." అని తనూ నవ్వింది. నాన్న పోయాక అమ్మ నవ్వడం అదే మొదలు. ఆ వంకర బెంగాలీ తిట్టు నాన్న గొంతుతోనే నా చెవిలో పలికింది. ప్రాణం లేచొచ్చింది.

ఒక పిల్ల ఏడ్చిందని తన దేశపు మతాన్నే మార్చేసిన మనిషి ఆవిడ. దిమ్మెకు నేనిప్పటికీ దండ వేస్తాను. కానీ పోయినవాళ్ళ గొప్పలకంటే వాళ్ళ వంకరలనే పదిలంగా దాచుకోవడం నాకు అలవాటైంది.

టీచరు పోయినప్పుడు చర్చిలో అందరూ ఆవిడ భక్తి గురించీ ఓర్పు గురించీ మాట్లాడారు. నా వంతు వచ్చింది. "టీచరు కీర్తనలు శ్రుతి తప్పి పాడేది. అదీ అందరికంటే గట్టిగా" అన్నాను. ముందు వరుసలో అంతసేపూ రాయిలా కూర్చున్న ఆవిడ చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే భోరుమంది.

"అదే మా అప్ప," అంది. "ఇంకా సెప్పమ్మా."