కడుపు తొలవని పులి

చెంచు బుచ్చయ్యకు తండ్రి మిగిల్చిపోయింది ఒక్క ఉలి. ఆ ఉలితోనే అమ్రాబాదు గుట్టల మీది పెంటలకు, అంటే చెంచు గూడేలకు, మూడు తరాలుగా వాళ్ల ఇంటివాళ్లే మైసమ్మ బొమ్మలు చెక్కి ఇస్తున్నారు. తనంత తాను పడి ఎండిన మానునే ముట్టాలి. బొమ్మ అయ్యాక అడుగు నుంచి కడుపు తొలవాలి. తొలవకపోతే కట్టెకు ఊపిరాడదు, నాలుగు ఎండలకే పగులుతుంది.

పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో, చలి తగ్గే రోజుల్లో, అడవిని కాసే జంగ్లాత్ గార్డు సీతారాములు పెంటకు వచ్చాడు. పచ్చి మద్దిచెట్టు నరికినందుకు బుచ్చయ్య మీద కేసు రాస్తానన్నాడు. నరికించింది ఆ గార్డేనని పెంటలో అందరికీ తెలుసు. ఉలి లాక్కుని సంచిలో వేసుకున్నాడు. జంగ్లాత్ బంగళాలో దిగే పెద్దసారుకు పులిబొమ్మ చెక్కిపెడితే కేసూ ఉండదు, ఉలీ తిరిగి ఇస్తానన్నాడు.

బంగళా ముందు పడేసిన మద్ది దుంగ ఇంకా తడి ఆరలేదు. బుచ్చయ్య దాని మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"పచ్చిది సారూ. పగులుతది."

"పని రాకుంటే రాదని చెప్పు. కట్టె మీద పెట్టకు."

గార్డు పొద్దున ఉలి ఇచ్చేవాడు, పొద్దుగూకాక గుంజుకునేవాడు. వచ్చినవాళ్లకల్లా, కోతి చేతికి ఉలిచ్చినం, తమాషా సూడుండ్రి అని చూపించేవాడు. బుచ్చయ్య పళ్లు బిగబట్టి చెక్కాడు. లోపల ఎంత మంట ఉన్నా చెయ్యి తప్పు గీత గీయలేదు. పన్నెండో రోజుకు పులి మెడ తిప్పి చూసింది. ఇక కడుపు తొలవడమే మిగిలింది.

ఆ రోజే గార్డు, పెద్దసారు ఇంట్లో అమ్మగారికి నెమలిబొమ్మ కావాలన్నాడు.

"ఉలి ఇస్తనంటివి గద సారూ."

"నెమలి అయినంక సూద్దాం తియ్."

బుచ్చయ్య పులిని బోర్లించాడు. అడుగు నున్నగా గీకి, మళ్లీ నిలబెట్టాడు. అయిపోయిందన్నాడు.

అంబలి తెచ్చిన పెండ్లాం గుర్వమ్మ అంతా చూసింది. దారిలో అడిగింది.

"కడుపు తొల్వకపోతివేంది?"

"దానికి ఊపిరెందుకు?"

"మీ నాయిన ఉంటే నీ చెయ్యి ఇరగ్గొట్టేటోడు."

నెమలి పనికి ఇంకా పిలుపు రాకముందే, ఉగాది వెళ్లిన వారానికి, పులి నొసటి నుంచి తోక దాకా చీలింది. పెద్దసారు నలుగురిలో గార్డును తిట్టి, పని రాని వాళ్లను మళ్లీ గడప తొక్కనివ్వద్దన్నాడు. సీతారాములు పెంట మొదట్లోనే నిలబడి ఉలిని దుమ్ములోకి విసిరాడు.

"మూడు తరాల పనోళ్లంట. థూ."

ఆ మాట గుట్టలన్నీ తిరిగింది. బుచ్చయ్య చెక్కితే పగులుతుందన్నారు. ఆ ఏడు మైసమ్మ కోసం ఏ పెంట నుంచీ ఎవరూ రాలేదు.

ఉలి మొన తుప్పు పట్టింది. గుర్వమ్మ నూరుడురాయి తెచ్చి అతని ముందు ఠక్కున పెట్టి వెళ్లిపోయింది. చాలాసేపు నూరాడు. తర్వాత ఎండిన మానులోంచి ఎవరూ అడగని మైసమ్మను చెక్కి, ఒళ్లో బోర్లించుకుని, కడుపు తొలవడం మొదలుపెట్టాడు.