మద్దయ్య ఎత్తిపోయించిన తుప్పుమట్టి

ఎమ్మిగనూరులో నూలుకు రంగులద్దే మా మేనమామ మద్దయ్యకు శుభ్రత పిచ్చి. గోళ్లలో కాస్త రంగు మిగిలినా ఆయనకు అన్నం సహించేది కాదు. ఆ పిచ్చే కొంప ముంచింది.

వాళ్ల నాయన కాలంలో నల్లరంగును ఇంట్లోనే చేసేవాళ్లు. పాత లాడాలు, మేకులు బెల్లం నీళ్లలో వారాల తరబడి నానబెట్టి, మిగిలిన తుప్పుమడ్డిని పెరట్లో గుంతలో పారబోసేవాళ్లు. తర్వాత డబ్బా రంగులొచ్చాయి. నూలు ముంచిన రంగు తొట్ల నీళ్లు పోయిందీ అదే గుంతలోకి. గుంతకు కొద్ది దూరంలోనే, మామను అన్నా అని పిలిచే ఏసమ్మ వాళ్ల పేట బావి. ఊళ్లో ఇంకే బావి దగ్గరికీ రానివ్వని రోజుల్లో వాళ్లు తవ్వుకున్నది. పేటకంతా అదొక్కటే దిక్కు. అందులో ఏనాడూ రంగు కనపడలేదు.

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో మామకు ఆ గుంతను చూస్తే రోత పుట్టింది. తుప్పుమట్టినంతా బండ్లకెత్తించి ఊరవతల పోయించి, వంక ఇసుక నింపించాడు. వచ్చినవాళ్లందరికీ చూపించుకుని మురిసిపోయాడు. ముగ్గు వెయ్యడమొక్కటే తక్కువ.

వానలు పడ్డ నెలకు బావి నీళ్లు ఎర్రబడ్డాయి. పేట ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి కాలువ నీళ్లు మోసుకోసాగారు. అది తన తొట్టిలోని రంగేనని మామకు చూడగానే తెలిసింది. భూమిలో ఏదో ఎర్ర ఊట తగిలిందని వాళ్లంటే, అయ్యుండొచ్చన్నాడు. ఆ మాటకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ తర్వాత ఆయనకు నిద్ర లేదు. సిగ్గు చంపుకుని, వాళ్లింట్లోనే ఉండి చదువుకుంటున్న నన్ను తోడు తీసుకుని, ఆదోనిలో సైన్సు చెప్పే వాదిరాజ పంతులు దగ్గరికి పోయాడు. నువ్వు మురికనుకుని తీసేసిందే ఇన్నాళ్లూ రంగును ఆపిందన్నాడు పంతులు. గాలి సోకని లోతున, మట్టి రేణువులకు పట్టిన ఇనుము రంగును ముక్కలుగా విరగ్గొడుతుందట. మామ ముఖం వెలిగింది. అయితే ఆ ముక్కలు నీళ్లలోనే ఉండొచ్చని, కంటికి కనపడవని, అవి మంచివో చెడ్డవో తనకూ తెలియదని పంతులు చెప్పాడు.

మామ మరునాడే ఆ ఇసుక తోడించి, తుప్పుమట్టిని వెనక్కి తెప్పించి గుంత నింపాడు. పంతులు చివరి మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. రంగుల పనీ ఆపలేదు.

ఏడాదికి బావి తేటబడింది. ఏసమ్మ చెంబు నిండా నీళ్లు తెచ్చి మా అరుగు మీద పెట్టింది. మామ దాన్ని ముట్టలేదు. ఆమె నవ్వింది.

"మా సేతి నీళ్లు తాగమన్లేదులే మద్దన్నా. సూడమంటాండా, అంతే."

మామకు ఆ మాట తగలరాని చోట తగిలింది. కులం కోసం కాదని చెప్పాలంటే అసలు సంగతి చెప్పాలి. అరుగు మీద కూలబడి అంతా చెప్పేశాడు. గుంత, ఇసుక, పంతులన్న మాట, ఏదీ దాచలేదు.

ఏసమ్మ తిట్టలేదు. అరుగు మీది చెంబు చేతిలోకి తీసుకుని లోపలికి చూసింది.

"ముందర ఇన్నేండ్లు మేం తాగినయ్యీ ఇట్లాటియ్యేనా?"

మామ తలూపాడు.

"రంగున్నబ్బుడే నయం కదప్పా. తాగగూడదని తెలుస్తా ఉండె."

నీళ్లు మా వాకిట్లో పారబోసి వెళ్లిపోయింది. ఆ తడి ఆరేదాకా మామ అక్కడినుంచి లేవలేదు.