కామేశ్వరి గారి సైకిల్ పందెం

కామేశ్వరి గారు ఇక లేరన్న వార్త శుక్రవారం ఉదయం ఫోనులో విన్నాను. కాకినాడలో ఆవిడ పక్కింటివారు చెప్పారు. ముందురోజు సాయంత్రమే ఆవిడతో ముచ్చటించి వచ్చాను. ఆ ప్రశాంతమైన కంఠస్వరంలో మరణచ్ఛాయ ఏదీ నాకు స్ఫురించలేదు.

మా కళాశాలలో ఆవిడ గణితశాస్త్రం బోధించారు. పక్కనే భౌతికశాస్త్ర విభాగంలో పనిచేసే భాగ్యం నాది. తరగతిలో ఆవిడ స్వరం హెచ్చించగా ఎవరూ వినలేదు. బోధపడలేదని తల వంచుకున్న విద్యార్థినితో, "నీ తప్పేం లేదమ్మా, నేనే ఇంకో దారి వెతకాలి" అనేవారు. వెతికేవారు కూడా.

తొంభైల తొలినాళ్లలో, పాతదైపోయిందని కళాశాల వదిలించుకున్న ఒక చిన్న కంప్యూటరును ఆవిడ ఇంటికి తెచ్చుకున్నారు. టీవీకి తగిలించి, టేపురికార్డరులో క్యాసెట్ పెట్టి నడిపించవలసిన యంత్రమది. దాని కోసం ఆవిడ స్వయంగా ఒక సైకిల్ పందెం ఆట రాశారు.

స్నేహధర్మాన్ని కాస్త పక్కనపెట్టి చెప్పాలంటే, అది నిరాశపరిచే ఆట. తెర మీద ఒక కాలువగట్టు. ముందు ఒక సైకిలు, వెనక మనది. మీట ఎంత వేగంగా నొక్కినా ముందువాడు అందడు. గట్టు మలుపులో అతడు మాయమవుతాడు, ఆట ముగుస్తుంది. గెలుపు లేదు, శబ్దమన్నదే లేదు. ఆడడానికి వెళ్లిన మా పిల్లలు కాసేపటికే విసిగిపోయి, "ఇదేం ఆటండి మేడమ్?" అని లేచి వచ్చేశారు. ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

ఆ గట్టు ఏదో నాకు తెలుసు. ఆవిడ తమ్ముడు సూరిబాబు కాలేజీ రోజుల్లో సైకిల్ పందేలకు వెళ్లేవాడు. ఒక మంచు ఉదయం, సామర్లకోట కాలువగట్టు మీద జరిగిన పందెంలో అందరికంటే ముందు మలుపు తిరిగాడు. వెనక వచ్చినవారికి గట్టు మీద పడి ఉన్న సైకిలు మాత్రమే కనిపించింది. కాలువంతా గాలించినా దేహం దొరకలేదు. తల్లి మహాలక్ష్మమ్మ గారు కర్మకాండకు ఒప్పుకోలేదు. కాలక్రమంలో ఆమె చూపు పోయింది, మంచాన పడ్డారు. నిరీక్షణ మాత్రం వీడలేదు.

ఒక మధ్యాహ్నం నా ఎదుటే కామేశ్వరి గారు ఆట మొదలుపెట్టారు. లోపలి గదిలోంచి ఆ పెద్దావిడ, "సూరిబాబు బెల్లు కొడుతున్నాడే, తలుపు తియ్యి" అన్నారు. నేను వీధిలోకి తొంగిచూశాను. నడినెత్తిన ఎండ, నిర్మానుష్యమైన వీధి. తిరిగి వచ్చి టీవీ శబ్దం పరీక్షించాను. పూర్తిగా తగ్గించి ఉంది.

"ఆట పెట్టినప్పుడల్లా ఇంతేనండి" అన్నారు కామేశ్వరి గారు, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

కొన్నాళ్లకు పాఠశాలలకు ఆటల క్యాసెట్లు అమ్మే రాజమండ్రి వ్యాపారి ఒకరు ఆవిడ ఇంటికి వచ్చారు. ఆట ఆడి చూసి, "అంతా బాగానే ఉందండి. కానీ దాటలేని పందెం పిల్లలు ఎందుకు ఆడతారండీ? ముందువాణ్ణి దాటనివ్వండి చాలు. మీ పేరు వేసి జిల్లా అంతా పంపిస్తాను" అన్నారు. జీవితంలో తన పేరు ఎక్కడా అచ్చులో చూసుకోని మనిషికి అది చిన్న ఆశ కాదు. ఆవిడ ఒప్పుకున్నారు.

మార్పు పూర్తయ్యాక చూడడానికి నన్ను రమ్మన్నారు. తల్లికి ఈ సంగతి చెప్పలేదు. ఆవిడ మీట నొక్కుతూ పోయారు. మా సైకిలు ముందువాణ్ణి సమీపించింది, అతడి పక్కకు చేరింది, దాటేసింది. ఎదుట శూన్యమైన గట్టు.

"ఏంటే, బెల్లు ఆగిపోయింది?" లోపలి నుంచి మహాలక్ష్మమ్మ గారి గొంతు వణికింది. "పిల్లాణ్ణి అక్కడే వదిలేసి వచ్చేశారా?"

కామేశ్వరి గారు లేచి యంత్రాన్ని ఆపేశారు. కొత్త క్యాసెట్ మీద పాత ఆటనే మళ్లీ ఎక్కించి, ఆట మొదలుపెట్టారు. లోపల ఆ తల్లి ఊపిరి నెమ్మదించేదాకా ఆపలేదు. వ్యాపారి మళ్లీ వచ్చినప్పుడు, "క్షమించండి, దీన్ని మార్చడం నావల్ల కాదండి" అని మాత్రం అన్నారు. నాసిరకం ఆట రాశారన్న పరిహాసాన్ని కళాశాలలో మౌనంగా భరించారు.

కొన్నేళ్లకు మహాలక్ష్మమ్మ గారు ప్రశాంతంగా కన్నుమూశారు. ఆ తరువాత కూడా, పదవీవిరమణ చేసి ఒంటరిగా ఉన్న ఇన్నేళ్లూ, కామేశ్వరి గారు ఆ ఆట మానలేదు. గురువారం సాయంత్రం నేను వెళ్లినప్పుడూ టీవీ ముందే ఉన్నారు. ఎన్నడూ అడగనిది ఆరోజు అడిగాను.

"మీకూ వినిపిస్తుందాండి?"

ఆవిడ మీట మీంచి వేలు తీశారు.

"లేదండి. అమ్మకే వినిపించేది. నాకు ఒక్కసారి కూడా వినపడలేదు. అందుకే రోజూ పెడుతున్నాను."

ఆ సహోదరిని స్మరించి చేతులు జోడిస్తున్నాను. గణితం చెప్పేవారు మా కళాశాలకు వస్తూనే ఉంటారు. నిశ్శబ్దానికి చెవి ఒగ్గి ఒక జీవితకాలం కూర్చోగల మనిషిని మేము మళ్లీ చూడబోము.