మా ఆయన బీటిల్‌కి వాల్వులు సరిచేశాం

మా ఆయన పాత బీటిల్ కారు ఇంజనంతా విప్పి, కడిగి, మళ్లీ బిగించాడు. ఈ రోజు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా వాల్వులు సరిచేయాలని కూర్చున్నాడు. వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సన్నటి సందు ఉండాలంట. అందులో కొలత చూసే గేజి రేకు పెట్టి లాగితే కొంచెం పట్టి జారాలి. ఆ పట్టు వేళ్లకే తెలియాలి. షుగరు వల్ల ఆయన వేళ్లు మొద్దుబారాయి. మళ్లీ మళ్లీ లాగి చూసి, రేకు పక్కన పెట్టేశాడు.

"నరసరావుపేట నుంచి మెకానిక్‌ని పిలుస్తాలే" అన్నాడు, నా మొహం చూడకుండా.

నేను వెళ్లి పక్కన కూర్చున్నా. ఆయన సందు సరిచేసే స్క్రూ తిప్పుతుంటే నేను రేకు లాగి చూశా.

"ఏమే, పట్టుకుంటందా?"

"లేదు, వదులుగా వస్తంది."

ఇంకాస్త బిగించాడు. "ఇప్పుడు?"

"దోసె పెనం వదిలేటప్పుడు అట్లకాడకి తగిలినట్టుంది."

"అదే! ఇంక కదపమాక."

అన్ని వాల్వులూ ఆ దోసె లెక్కనే సరిచేశాం. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఆయన తల వంచి చానాసేపు ఆ చప్పుడే విన్నాడు. తర్వాత నెమ్మదిగా, "పిడుగురాళ్లలో ఇంకో పాత ఇంజనుందంట, తెద్దామా?" అన్నాడు.

కాదనబుద్ధి కాలేదు. నాకు ఇంట్లో ఇంకో ఉద్యోగం పడ్డట్టే. మీలో ఎవరికైనా ఇట్లాంటిది పడిందా?