ముడికి ముద్దు

"గుండీ పెట్టుకోలేని మనిషివి, లోయ మీద ముడేం వేస్తావు?" అని అక్క నిలదీస్తోంది. "గుండీ చిన్నది, తాడు లావు కదే," అన్నాడు బావ నవ్వుతూ. "ఆ నవ్వు నా దగ్గరొద్దు," అంటూ అక్కే చొక్కా గుండీలన్నీ పెట్టింది.

బావ బతుకుతెరువు రెండువేళ్ల వెడల్పు పట్టీ మీద నడవడం. రెండు కొండల మధ్య బిగించి కడతారు. పోటీల్లో గంటల తరబడి దాని మీదే అటూ ఇటూ తిరుగుతాడు. ఇంట్లో కూడా ఒంటికాలి మీద నిలబడే పళ్లు తోముకుంటాడు. జారితే ఆపేది నడుముకి కట్టుకున్న తాడొక్కటే. దాని ముడి ఇన్నేళ్లూ కళ్లు మూసుకుని వేసేవాడు. పోయిన చలికాలం మంచుగాలిలో ముప్పై గంటలు నడిచి దిగేసరికి చేతివేళ్లు తెల్లగా పాలిపోయాయి. తర్వాత రంగు తిరిగొచ్చింది గానీ స్పర్శ రాలేదు. అప్పటినుంచి అడుగు వేసేముందు ముడిని పెదాలకి ఆనించుకుంటున్నాడు. జనం అది ముద్దనుకుని ఈలలు వేస్తారు, ఫోటోలు తీస్తారు. నేనూ ముద్దే అనుకున్నాను. నిన్న సాధనప్పుడు పక్కనే నిలబడి చూశాను. పెదాలు ముడి చుట్టూ మెల్లగా తిరిగి ఒకచోట వదులు తగిలి ఆగిపోయాయి. విప్పి మళ్లీ వేశాడు, మళ్లీ ఆనించాడు. మూడోసారి కూడా విప్పేసి, షూ లేసులు తప్ప ఏ ముడీ వేయడం రాని నా చేతుల వైపు చూశాడు.

"బామ్మర్దీ, ఆదివారం పోటీలో ముడి నువ్వెయ్యి. ముద్దు మాత్రం నేనే పెట్టుకుంటా. మీ అక్క చూస్తుంటుంది."