సుగుణ బ్యాగులో దొరికిన కొమ్మ

తొమ్మిదేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో ఒక్కటీ మర్చిపోలేదు. నేను ఒకరికి చేసింది మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

సుగుణ నా తోడికోడలు. నందిగామలో టీచరు. మేం జగ్గయ్యపేటలో ఉంటాం. తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళు ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికి చుట్టాలందరినీ బొట్టు పెట్టి పిలిచారు. ఇంటి పెద్దకోడలినైన నన్ను మాత్రం సుగుణ ఫోన్లో పిలిచింది. సెలవు దొరకలేదంది. మా వీధిలోనే ఉన్న వాళ్ళ మేనత్తకు వచ్చి బొట్టు పెట్టి వెళ్ళింది. ఇంకో నాలుగు గుమ్మాలు నడవడానికి సెలవు సరిపోలేదా? చూశారా, తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని కూడా ముందు ఫిర్యాదే రాస్తున్నాను.

ఆ కార్తీకంలో ఒక ఆదివారం అందరం వ్యాన్ మాట్లాడుకుని కంచికచర్ల అవతల ఒక పెద్ద పూలతోటకు వనభోజనానికి వెళ్ళాం. ఒకే గుత్తిలో తెలుపూ గులాబీ కలిసి పూసే కాగితప్పూల మొక్క అక్కడ చూశాను. అడిగి తెచ్చిన కొమ్మ బతకదని, చెప్పకుండా తెచ్చిందే వేరు పడుతుందని మా ఇళ్ళలో నమ్మకం. జానెడు కొమ్మ విరిచి కొంగు కింద దాచాను. సాయంత్రం గేటు దగ్గరికి వచ్చి చూస్తే, కాపలా ఆవిడ బ్యాగులు తెరిపించి చూస్తోంది. నా ముందు సుగుణ, భుజాన బ్యాగు వెనక్కి వేలాడుతుంటే, మా అత్తగారి చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతోంది. కొమ్మ సుగుణ బ్యాగులోకి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిందని రాశాను. కాదు, నేనే పెట్టాను.

కాపలా ఆవిడ దాన్ని అందరికీ కనబడేలా పైకెత్తింది.

"ఏం మేడమ్, చదువుకున్నోళ్ళు మీరే ఇట్టా చేస్తే ఎట్టాగండి?"

"నేను పెట్టలేదండి. నాకసలు తెలీదు."

"అయితే అదే నడుచుకుంటా వచ్చి ఎక్కిందాండి?"

వరసలో ఎవరో నవ్వారు. సుగుణ బడిలో చదివే ఒక పాప తల్లి అక్కడే ఉంది. సుగుణ ఆమెను చూసి, నా వైపు తిరిగింది.

"అక్కా, పొద్దుట్నించీ నీ పక్కనే ఉన్నా గదా. నువ్వు చెప్పు."

"నీ బ్యాగు సంగతి నాకేం తెలుసమ్మా," అన్నాను.

అత్తగారు ఎవరి ముఖమూ చూడకుండా వ్యాన్ ఎక్కారు. ఆ తర్వాత సుగుణ ఏ చుట్టాలింటికి వెళ్ళినా, "సుగుణొచ్చింది, కుండీలు లోపల పెట్టండే" అనడం మా వాళ్ళకు అలవాటైంది. ఒకసారి నేనే అన్నాను. మొదట్లో తనూ నవ్వేది. తర్వాత రావడం మానేసింది. ఇప్పుడు శుభకార్యాలకు మా మరిది ఒక్కడే వస్తాడు.

ఎందుకు చేశాను? భయంతో చేశానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. కానీ నా పక్కనే నడుమెత్తు పొద ఉంది, అందులో వదిలేస్తే ఎవరికీ కనబడేది కాదు. ఆ పొదను చూశాను కూడా, చూసి, దాన్ని కాదని ఆమె బ్యాగు వైపు చెయ్యి చాచాను. ఈ మాట ఆమెకు చెప్పే ధైర్యం ఇవాళ్టికీ లేదు. ఫోన్లో పిలిచిందన్న కోపమూ పూర్తిగా పోలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. జరిగింది జరిగినట్టు ఒక్కసారి రాస్తే కాస్త ఊపిరాడుతుందని రాస్తున్నాను.

ఆ బ్యాగుకు జిప్ ఉంది. అది మూసే ఉంది. నేను తీశాను. కొమ్మ పెట్టి, మళ్ళీ మూశాను.